చీకటంటే భయం అనుకున్నాం

మా వాడికి అప్పుడు 6 ఏళ్లు. పగలంతా ఇల్లు పీకి పందిరేసేవాడు, లైట్లు వేసే వేళయ్యేసరికి మాత్రం నా చెయ్యి వదిలేవాడు కాదు. వంటింట్లోంచి పడగ్గదిలోకి వెళ్లాలన్నా "అమ్మా, నువ్వు కూడా రా" అనేవాడు. బొమ్మ మంచం కిందకి దొర్లితే వెతుక్కునేవాడు కాదు, అక్కడే కూర్చుని ఏడుపు. తలుపు అంచుకి భుజం కొట్టుకోవడం, చెప్పుల మీద కాలేసి తూలడం, అన్నీ సాయంత్రం తర్వాతే జరిగేవి. ఇప్పుడు రాస్తుంటే అది స్పష్టంగా కనిపిస్తోంది గానీ, అప్పుడు మా ఇద్దరికీ తట్టలేదు.

చీకటంటే భయం అని మేమే పేరు పెట్టేశాం. మందు కూడా మేమే రాసుకున్నాం. చిన్న బెడ్‌లైటు కొన్నాం. ధైర్యం కథలు చెప్పాం. రాత్రిపూట ఒక్కడే బాత్రూమ్‌కి వెళ్లొస్తే గోడ మీది చార్టులో ఒక స్టార్ అంటిస్తామన్నాం. మూడు వారాల్లో వాడికొచ్చినవి రెండే రెండు స్టార్లు. ఆ రెండూ మేం హాల్లో లైటు ఆర్పడం మరిచిపోయిన రాత్రులు.

వాడు తనకు తెలిసిన మాటల్లో చెబుతూనే ఉన్నాడు. "ఈ లైటు బాగా వెలగట్లేదమ్మా" అనేవాడు. బల్బు మార్చాం.

ఒకసారి సినిమాకి ఆలస్యంగా వెళ్లాం. హాల్లో అప్పటికే లైట్లు తీసేశారు. గుమ్మం దగ్గర ఆగిపోయి ఒక్క అడుగు ముందుకు వేయలేదు. లాగితే ఏడ్చాడు. మా ఆయన ఎత్తుకుని తీసుకెళ్లి కూర్చోబెట్టారు. తిరిగి వచ్చేటప్పుడు దారంతా "ఇంత పెద్దవాడివయ్యావు, సిగ్గు లేదా" అని తిట్టారు. నేను పక్కనే ఉన్నాను, ఆపలేదు.

దాదాపు అదే రోజుల్లో వాళ్ల టీచర్, బాబు బోర్డు చూసేటప్పుడు అదే పనిగా రెప్పలు కొడుతున్నాడు, కళ్లద్దాలు కావాలేమో చూపించమంది. చూపించాం. పగటి వెలుతురులో అక్షరాలన్నీ గడగడా చదివేశాడు. చూపు బాగుంది, ఎలర్జీ అయ్యుంటుందని చుక్కల మందు రాశారు. రెండు నెలలు వేశాం. రెప్పలు కొట్టడం తగ్గలేదు. మోచేతుల మీద, తొడల మీద చర్మం గరుకుగా, చిన్న చిన్న మొటిమల్లా తయారైంది. దానికో క్రీమ్. ఎప్పుడూ ఏదో ఒక దగ్గు. దానికో సిరప్. ఇంట్లో సీసాలు పెరుగుతున్నాయి గానీ, ఇవన్నీ ఒకే తీగకు కాసిన కాయలని అనుకునేంత తెలివి మాకు లేకపోయింది.

ఆ తర్వాత మచ్చ కనిపించింది. ఎడమకంట్లో, చెవి వైపు, నల్లగుడ్డుకి ఆనుకుని, సబ్బు నురగ అంటుకున్నట్టు చిన్న తెల్ల మచ్చ. పుసి అనుకుని తడిదూదితో తుడిచాను. కొంచెం ఊడింది. మర్నాటికి మళ్లీ అక్కడే ఉంది. జాగ్రత్తగా చూస్తే కుడికంట్లోనూ ఉంది, ఇంకా చిన్నది.

ఫోన్లో అమ్మకి చెబితే, "సాయంత్రం పూట తడుముకుంటాడంటున్నావు కదే, రేచీకటేమో చూపించు" అంది.

నేను నవ్వాను. "ఈ రోజుల్లో రేచీకటేంటమ్మా. అది తిండి లేని పిల్లలకి వచ్చేది" అన్నాను. వాడి బరువు సరిగ్గానే ఉంది, ఎత్తు సరిగ్గానే ఉంది, అడిగింది కొనిపెట్టే ఇల్లు. అమ్మ వాదించలేదు. "సరే, చూపించు" అని మాత్రం అంది.

ఈసారి వేరే కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ వాడి కంట్లోకి చూడకముందే నన్ను అడిగిన మొదటి మాట, "ఏం తింటాడు?"

"అన్నీ పెడతామండీ" అన్నాను.

"పెట్టేది కాదమ్మా, తినేది చెప్పండి."

చెప్పడం మొదలుపెట్టాక నాకే సిగ్గేసింది. అంచులు తీసేసిన బ్రెడ్. ఒకే రకం బిస్కెట్లు. ఉప్పు చిప్స్. ఏమీ కలపని నూడుల్స్. పాలు. ఒక చేతి వేళ్లు సరిపోయాయి. మూడేళ్ల వయసు నుంచి అంతే. రంగున్నది, తడిగా ఉన్నది, వాసనొచ్చేది ఏదైనా పళ్లెంలో పడితే ఆ పళ్లేన్నే పక్కకి నెట్టేస్తాడు. బలవంతం చేస్తే వాంతి. పెద్దయ్యాక వాడే తింటాడులే అని అందరూ అన్నారు, మేమూ అలాగే అనుకున్నాం.

"కానీ పాలు తాగుతాడు డాక్టర్ గారూ, రోజుకి రెండు గ్లాసులు" అన్నాను. నాకున్న ఒకే ఒక్క ధైర్యం అది.

"ఏ పాలు?"

"వెన్న తీసినవి."

మా ఆయనకి కొలెస్ట్రాల్ ఎక్కువని రెండేళ్ల నుంచి ఇంటికి అవే తెస్తున్నాం. వేరే పాలు తేవాలన్న ఆలోచనే రాలేదు. డాక్టర్ గారు కుర్చీలో వెనక్కి వాలి అప్పుడు చెప్పారు. విటమిన్ ఏ కొవ్వులో కరిగేది. పాలలో అది ఉండేది వెన్నలోనే. వెన్న తీస్తే దాంతోపాటే పోతుంది. తీశాక విడిగా మళ్లీ కలిపిన పాలు ఉంటాయి, ప్యాకెట్ మీద రాస్తారు. ఇంటికెళ్లగానే మొదట ఫ్రిజ్ తీసి ప్యాకెట్ చూశాను. మా దాని మీద ఆ మాట లేదు.

తర్వాత ఒక రాత్రి నిద్రపట్టక చదువుతుంటే డెన్మార్క్ సంగతి దొరికింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ దేశం వెన్నని బయటి దేశాలకి అమ్మేసుకునేది. పేద ఇళ్లలో పిల్లలకి మిగిలింది వెన్న తీసిన పాలు. ఆ పిల్లల కళ్లు ఎండిపోయి, కొందరికి చూపే పోయింది. బ్లాక్ అనే పిల్లల డాక్టర్ వాళ్లకి వైద్యం చేస్తూ, లోపం పాలకొవ్వు లేకపోవడంలో ఉందని గుర్తించాడు. యుద్ధం చివర్లో సముద్రం మీద దారులు మూసుకుపోయి వెన్న దేశంలోనే ఉండిపోయింది, ఇంటింటికీ రేషన్ ఇచ్చారు. జబ్బు తగ్గిపోయింది. పాలు పొంగి పొర్లే దేశంలో పిల్లల కళ్లు ఎండిపోయాయంటే, మా ఫ్రిజ్ సంగతి నాకు అర్థమైంది. కాస్త ఓదార్పుగానూ అనిపించింది, అబద్ధం ఎందుకు.

ఆ రోజు పరీక్షకి వస్తాను. వాడి గడ్డం ఆ యంత్రం మీద పెట్టించి, సన్నటి వెలుగు వేసి రెండు కళ్లూ చూశారు. పసుపు రంగు చుక్క వేసి నీలం లైట్లో మళ్లీ చూశారు. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, అంటే కార్నియా మీద పుండు ఉందేమోనని. లేదు. ఆ మాట చెప్పాక ఆవిడ ముఖం తేలికపడటం చూశాను. అప్పటిదాకా ఆవిడ కూడా భయపడుతున్నారని నాకు తెలియలేదు.

కాగితం మీద "ఎక్స్ ఎన్, ఎక్స్ 1 బి" అని రాశారు. ఎక్స్ ఎన్ అంటే రేచీకటి. ఎక్స్ 1 బి అంటే ఆ నురగ మచ్చలు. బిటాట్ మచ్చలంటారట, 19వ శతాబ్దంలో వాటి గురించి రాసిన ఫ్రెంచి డాక్టర్ పేరు మీద. ఇంటికొచ్చి ఆ వరసలో తర్వాతవి ఏమిటో చూశాను. ఎక్స్ 2 అంటే కార్నియా ఎండిపోవడం. ఎక్స్ 3 అంటే అది పుండుపడి మెత్తబడి కరిగిపోవడం. అక్కడికి రాగానే ఫోన్ బోర్లా పెట్టేశాను. ఆ దశలో గంటల లెక్కన పరుగెత్తాలి. మందిచ్చినా పోయిన పొర తిరిగి రాదు. మేం రెండు మెట్ల కింద ఉండగా దొరికాం.

రేచీకటి ఎందుకొస్తుందో డాక్టర్ గారు సినిమా హాలుతోనే చెప్పారు, మా కథ తెలియకుండానే. ఎండలోంచి హాల్లోకి వెళ్తే ముందు ఏమీ కనపడదు, కాసేపటికి కళ్లు అలవాటు పడతాయి కదా. ఆ అలవాటు పడటమంటే, కంటి వెనకున్న రెటినాలో మసక వెలుతురు కోసం ఉన్న కణాలు తమ రంగుపదార్థాన్ని మళ్లీ తయారుచేసుకోవడం. ఆ పదార్థానికి ముడిసరుకు విటమిన్ ఏ. సరుకు లేకపోతే కళ్లు ఎంతసేపు ఎదురుచూసినా అలవాటు పడవు. పగలు పనిచేసే కణాలు వేరు కాబట్టి బోర్డు మీద అక్షరాలన్నీ చదివేశాడు. ఇక మచ్చలు, రెప్పలు కొట్టడం, గరుకు చర్మం, ఆగని దగ్గు. కళ్లకి, ఊపిరితిత్తులకి, పేగులకి లోపలి తడిపొరని తడిగా ఉంచేది కూడా ఈ విటమినే. అది లేక తెల్లగుడ్డు మీది పొర చర్మంలా మొద్దుబారుతుంది. దానికి ఎలర్జీ చుక్కలు ఎన్ని వేస్తే ఏం లాభం.

రక్తం తీశారు. రెటినాల్, అంటే రక్తంలో తిరిగే విటమిన్ ఏ, వెలుతురు పడితే చెడిపోతుందని ఆ ట్యూబుకి వెండి కాగితం చుట్టారు. ఒంట్లో ఏదైనా ఇన్‌ఫెక్షన్ ఉంటే రక్తంలో రెటినాల్ ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుందని, అది తేల్చుకోవడానికి ఇంకో పరీక్ష కూడా రాశారు. మలపరీక్ష, జింక్, కాలేయం, గోధుమ పడకపోవడానికి చేసే పరీక్ష కూడా. తిన్నది ఒంటపట్టకుండా నులిపురుగులో మరేదో అడ్డుపడుతున్నాయేమో చూడాలన్నారు. తట్టు వచ్చిందా అని అడిగారు. తట్టు వస్తే పిల్లల ఒంట్లో ఉన్న విటమిన్ ఏ ఇట్టే ఖర్చయిపోతుందట. మా వాడికి రాలేదు, టీకా వేయించాం.

"రిపోర్టు వచ్చాక మందు మొదలుపెడదామా?" అని అడిగారు మా ఆయన.

"రిపోర్టు కోసం ఆగం. ఈ రోజే మొదటి డోసు" అన్నారు.

నేను నెలల తరబడి ఇంజెక్షన్లుంటాయని మనసులో సిద్ధపడి ఉన్నాను. తీరా చూస్తే నోట్లో పిండే నూనె. మూడంటే మూడు డోసులు. ఈ రోజు ఒకటి, రేపు ఒకటి, కనీసం రెండు వారాలు ఆగి ఇంకొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పద్ధతి ఇదే. 6 నెలల లోపు పసివాళ్లకి డోసుకి 50 వేల ఐయూ, 6 నెలల నుంచి ఏడాది వరకు లక్ష, ఏడాది దాటితే 2 లక్షలు. ఐయూ అంటే విటమిన్లని కొలిచే ఒక లెక్క. 2 లక్షల ఐయూ అంటే 60 మిల్లీగ్రాములు, ఉప్పు చిటికెలో కొంత. కానీ మా వాడి వయసు పిల్లలకి రోజుకి కావలసింది 400 మైక్రోగ్రాములే. అంటే ఒక్క డోసులో 150 రోజుల సరుకు. ఆ గుణకారం ఫోన్లో చేసి మా ఆయనకి చూపించాను. ఆయన రంగు మారిపోయింది. "డాక్టర్ గారికి తెలుసుగా" అన్నాను, నాకూ చేతులు వణుకుతున్నాయి.

కాలేయం దీన్ని దాచుకుని నెలల తరబడి కొంచెం కొంచెంగా వదులుతుంది. విటమిన్ సి లాగా ఎక్కువైంది మూత్రంలో పోదు. అందుకే ఇన్ని రోజుల సరుకు ఒక్కసారి ఇచ్చినా వృథా కాదు. అందుకే అడ్డదిడ్డంగా ఇస్తే ప్రమాదం కూడా. ఈ రెండో సంగతి మా తలకెక్కడానికి ఇంకో రెండు వారాలు పట్టింది.

మొదటి డోసు వేయడం ఒక యుద్ధం. క్యాప్సూల్‌కి చిన్న ముక్కు ఉంటుంది, దాన్ని కత్తిరించి నోట్లో పిండాలి. అందులో ఉన్నది పసుపు రంగు నూనె. రంగు, జిడ్డు, వాసన, వాడు అసహ్యించుకునే మూడూ ఒకేచోట. నర్సు వాడిని పట్టుకోబోతే డాక్టర్ గారు వద్దన్నారు. క్యాప్సూల్ వాడి చేతికే ఇచ్చి నొక్కి చూడమన్నారు. ఖాళీ క్యాప్సూల్ తర్వాత ఇస్తానన్నారు. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, ముఖం చిట్లించి, చివరికి నోరు తెరిచాడు. ఒక చుక్క గడ్డం మీదుగా చొక్కా మీదకి జారింది. ఇంకో క్యాప్సూల్ వేయాలా అని నేను కంగారుపడ్డాను. ఒక చుక్కకి ఏమీ కాదు, మళ్లీ వేయొద్దన్నారు. ఆ చొక్కా మీది పసుపు మరక ఇప్పటికీ పోలేదు.

ఆ రాత్రి తలనొప్పన్నాడు, ఒకసారి వాంతి చేసుకున్నాడు. కొందరు పిల్లలకి అలా అవుతుందని, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుందని ముందే చెప్పారు కాబట్టి తట్టుకున్నాను. మర్నాడు ఫోన్ చేసి అడిగి రెండో డోసుకి వెళ్లాం. ఈసారి వాడే పిండుకున్నాడు.

మూడో రాత్రి. లైటు ఆర్పి పక్కన పడుకున్నాను. పక్కగదిలోంచి వచ్చే కొద్దిపాటి వెలుతురు తప్ప గదిలో ఏమీ లేదు. వాడు కదలకుండా ఉన్నాడు, నిద్రపోయాడనుకున్నాను. నేను పైకి చూస్తూ ఏదో ఆలోచించుకుంటున్నాను. కాసేపటికి చిన్న గొంతు వినిపించింది.

"అమ్మా, నువ్వు కళ్లు మూసుకోలేదు."

నాకు ముందు అర్థం కాలేదు. "నీకెలా తెలుసు?" అన్నాను.

"కనిపిస్తున్నాయిగా" అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు. అని అటు తిరిగి పడుకున్నాడు.

రేచీకటి ఒకటి రెండు రోజుల్లోనే తగ్గుతుందని ఆవిడ చెప్పినప్పుడు, ధైర్యానికి అంటున్నారేమో అనుకున్నాను. మా ఆయన్ని నిద్రలేపి చెప్పాను. ఆయన కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పొద్దున్నే లేచేసరికి గోడ మీద స్టార్ల చార్టు లేదు. ఎవరు తీశారని నేనడగలేదు.

మచ్చలు అంత తొందరగా పోలేదు. ప్రతి ఆదివారం కిటికీ దగ్గర నిలబెట్టి ఫొటో తీసేదాన్ని. నాలుగైదు రోజులకి నురగ ఎండి పలచబడింది. రెండు వారాలకి కుడికన్ను పూర్తిగా శుభ్రపడింది. ఎడమది చిన్నదై ఆగిపోయింది. రెప్పలు కొట్టడం మూడో వారానికి మేం గమనించకుండానే పోయింది.

తొమ్మిదో రోజు రిపోర్టు వచ్చింది. రక్తంలో రెటినాల్ లీటరుకి 0.70 మైక్రోమోల్స్ కన్నా తక్కువుంటే లోపం, 0.35 కన్నా తక్కువుంటే తీవ్రమైన లోపం. మా వాడిది 0.28. పేగుల్లో ఏమీ లేదు, గోధుమ గొడవా లేదు, ఇన్‌ఫెక్షన్ లేదు. జింక్ తక్కువుంది. కాలేయం నుంచి విటమిన్ ఏని రక్తంలోకి మోసుకెళ్లేది ఒక ప్రొటీన్. జింక్ గానీ, తినే తిండిలో ప్రొటీన్ గానీ తక్కువైతే ఆ మోసే బండి సరిగ్గా తయారవదు, సరుకు గోదాములోనే ఉండిపోతుంది. కొన్ని వారాలు జింక్ సిరప్ కూడా వాడాం.

ఇక మేం చేసిన తెలివితక్కువ పని. రెండో డోసుకీ మూడో డోసుకీ మధ్య రెండు వారాలు ఖాళీ కదా, ఊరుకోలేకపోయాం. వాడి చూపు తిరిగొచ్చిన సంబరంలో మా ఆయన ఒక సంచీడు తెచ్చారు. మల్టీవిటమిన్ గమ్మీలు, పాలలో కలిపే పొడి, ఒక పెద్ద సీసా కాడ్ లివర్ ఆయిల్. గమ్మీలు వాడికి తెగ నచ్చాయి, మిఠాయిలాంటివి కాబట్టి. పొడి రంగులేనిది. ఆయిల్ ఆరెంజ్ వాసన వేసినది, ముక్కు మూసుకుని మింగేవాడు. మందుతోపాటు బలం కూడా పడుతోందని మురిసిపోయాం.

మూడో డోసు రోజున గొప్పగా చెప్పుకున్నాను. డాక్టర్ గారు కలం కింద పెట్టేశారు. సీసాలన్నిటి లేబుళ్లు ఫొటో తీసి పంపమన్నారు. ఇంట్లో ఉన్న అత్తయ్య పంపితే, అక్కడే కూర్చోబెట్టి నాతోనే లెక్క వేయించారు. గమ్మీల్లో రోజుకి 400 మైక్రోగ్రాములు. పొడిలో 200. కాడ్ లివర్ ఆయిల్ ఒక్క టీస్పూన్‌లో 1,350. మొత్తం 1,950. ఈ వయసులో రోజూ తీసుకోదగ్గ పైహద్దు 900.

"ఒక్కరోజే 60 వేల మైక్రోగ్రాములు ఇచ్చారు కదండీ, దాని ముందు ఇదెంత?" అన్నాను. నిజంగానే నాకు అర్థం కాలేదు.

"ఎండిన చెరువులోకి ఒక్కసారి నీళ్లు వదలడం వేరు. నిండుతున్న చెరువులోకి ఆపకుండా రోజూ వదులుతూ పోతే కట్ట ఏమవుతుందమ్మా?" అన్నారు.

తలనొప్పి ఉందా, పెదాలు పగులుతున్నాయా, కాళ్ల ఎముకలు నొప్పంటున్నాడా, జుట్టు ఊడుతోందా అని అడిగారు. ఏమీ లేవు. మేం ఇచ్చింది పది రోజులే. అలాగే నెలల తరబడి ఇస్తే కాలేయం దెబ్బతినొచ్చు, తలలో ఒత్తిడి పెరగొచ్చు. పొడి, ఆయిల్ ఆపించారు. తిండి దారిలో పడేదాకా ఒక్క మల్టీవిటమిన్ మాత్రం ఉంచారు, అదీ భోజనం తర్వాతే. పరగడుపున వేస్తే కొవ్వు తోడు లేక సరిగ్గా ఒంటపట్టదు. మేం అప్పటిదాకా పొద్దున్నే లేవగానే ఇస్తున్నాం, అందులోనూ తప్పే. గమ్మీల సీసా అందనంత ఎత్తులో పెట్టమన్నారు. ఆ మాట విన్న రోజే వాడు కుర్చీ ఎక్కి అందుకోబోతుంటే పట్టుకున్నాను.

లేబుల్ చదవడం ఆ రోజు నేర్చుకున్నాను. విటమిన్ ఏ అని ఒకటే పేరుంటుంది గానీ లోపల రెండు రకాలు. రెటినైల్ పాల్మిటేట్ అనో ఎసిటేట్ అనో ఉంటే అది తయారుగా ఉన్న విటమిన్, ఎక్కువైతే చెడు చేసేది అదే. బీటా కెరోటిన్ అని ఉంటే అది మొక్కల్లో ఉండే ముడిరూపం, ఒళ్లు తనకి కావలసినంతే విటమిన్‌గా మార్చుకుంటుంది. ఇంకో తిరకాసు, కొన్నిటి మీద ఐయూల్లో ఉంటుంది, కొన్నిటి మీద మైక్రోగ్రాముల్లో. రెటినాల్ అయితే ఒక ఐయూ 0.3 మైక్రోగ్రాము. ఆ గుణకారం చేయకుండా రెండు సీసాలు పోల్చకూడదు.

మిగిలిన కాడ్ లివర్ ఆయిల్ పారేయడానికి మనసొప్పక మా చెల్లికి ఇద్దామనుకున్నాను. తను అప్పుడు మూడో నెల గర్భిణి. అదృష్టం కొద్దీ ముందు డాక్టర్ గారిని అడిగాను. గర్భంతో ఉన్నవాళ్లు, ముఖ్యంగా మొదటి నెలల్లో, రెటినాల్ ఎక్కువగా తీసుకుంటే బిడ్డకి అవకరాలు రావచ్చట. ఆ సీసా సింక్‌లో ఒంపేశాను.

ఇదంతా జరుగుతుండగా అత్తయ్య తన వంతుగా రోజూ పెద్ద గ్లాసుడు క్యారెట్ జ్యూస్ తీయడం మొదలుపెట్టారు. మనవడు దాన్ని ముట్టలేదు. పారేయడం ఎందుకని మా ఆయన తాగేవారు. నెల తిరిగేసరికి ఆయన అరచేతులు పసుపు రంగుకి తిరిగాయి. కామెర్లని ఇల్లంతా హడావుడి. తెల్లగుడ్డు తెల్లగానే ఉంది కాబట్టి కామెర్లు కాదు, కెరోటిన్ చర్మంలో చేరిందంతే, జ్యూస్ ఆపితే పోతుందన్నారు. పోయింది. ఆ నెల రోజులూ మా ఇంట్లో అందరికన్నా బాగా కెరోటిన్ అందిన మనిషి ఆయనే.

మందు పని మూడు డోసులతో అయిపోయింది. తిండి పని ఇంకా నడుస్తోంది. పిల్లల తిండి అలవాట్ల మీద పనిచేసే థెరపిస్ట్ దగ్గరికి పంపారు. ఆవిడ పెట్టిన మొదటి రూల్, దేనిలోనూ ఏదీ దాచి పెట్టొద్దు. బ్రెడ్‌లో దాచింది వాడు ఒకసారి కనిపెట్టాడంటే, ఉన్న ఐదింటిలో బ్రెడ్ కూడా పోతుంది. వాడు తినే వస్తువునే ఒక్క గుణం మార్చి పక్కన పెట్టాలి. చిప్స్ తింటాడు కాబట్టి చిలగడదుంపని అంతే పలచగా కోసి, అంతే కరకరలాడేలా వేయించి పెట్టాం. లోపల నారింజ రంగున్న రకమే పెట్టాలి, తెల్లదానిలో ఈ కెరోటిన్ పెద్దగా ఉండదు. నూనెలో వేగుతుంది కాబట్టి కొవ్వు తోడు కూడా ఉన్నట్టే. మొదటి వారం పళ్లెం చివర ఉంటే ఊరుకున్నాడు. రెండో వారం ముట్టుకున్నాడు. 19వ రోజున నాకి చూసి, "ఉప్పగానే ఉంది" అన్నాడు. తినలేదు. ఇంకో వారానికి ఒకటి తిన్నాడు. బ్రెడ్ మీద వెన్న రాయడం దానికన్నా తేలికైంది, మొదట కనపడనంత పలచగా, వాడికి చెప్పే. గుడ్డు మాత్రం వాసనకే పారిపోతున్నాడు. అన్నిటికన్నా ఎక్కువ విటమిన్ ఏ ఉండేది మాంసంలో కాలేయంలోనట. దాని ఊసు మేం ఎత్తలేదు, నేనే తినను.

ఆ రోజుల్లోనే ఇంకోటి చదివి ఒక రాత్రంతా మేలుకున్నాను. అల్ఫ్రెడ్ సోమర్ అనే కళ్ల డాక్టర్ ఇండోనేషియాలో పిల్లల కళ్లు ఎండిపోవడం గురించి పరిశోధిస్తూ, రేచీకటీ మచ్చలూ ఉన్న పిల్లలు మిగతావాళ్లకన్నా ఎక్కువగా చనిపోతున్నారని గమనించి 1983లో రాశాడు. చూపు పోవడం వల్ల కాదు. తడిపొరలు, రోగనిరోధక శక్తి దెబ్బతిని విరేచనాలకి, తట్టుకి తట్టుకోలేక. లోపం ఎక్కువగా ఉన్న దేశాల్లో 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లలందరికీ 4 నుంచి 6 నెలలకోసారి ఈ నూనె వేయడం వెనక ఉన్న లెక్క ఇదేనట. మా వాడి దగ్గు సిరప్ సీసాలన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి.

మూడు నెలలకి మళ్లీ రక్తం చూస్తే 1.1 వచ్చింది. ఎడమకంటి మచ్చ మాత్రం సన్నటి గీతలా ఇంకా ఉంది. ఇంకో డోసు వేస్తే పోతుందా అని అడిగాను. ఈ వయసు పిల్లల్లో కొందరికి ఒంట్లో విటమిన్ నిండినా పాత మచ్చ అలాగే మిగిలిపోతుంది, దాన్ని తరుముతూ డోసులు వేయకూడదన్నారు. చూపుకి దానితో ఇబ్బంది లేదు. ఆదివారం ఫొటోలు ఆపేశాను. నెలకోసారి తీస్తున్నాను, అంతకన్నా నిగ్రహం నా వల్ల కాదు.

ఫ్రిజ్‌లో ఇప్పుడు రెండు రకాల పాలున్నాయి. మా ఆయనవి కింది అరలో, వాడివి పై అరలో. వచ్చిన చిక్కల్లా మీగడ. రెండేళ్లు వెన్న లేని పాలు తాగిన నోటికి చిన్న మీగడ తరక తగిలినా గ్లాసు వెనక్కి వచ్చేస్తోంది. మొదట్లో వడగట్టి ఇచ్చేదాన్ని. వడగట్టితే పోయేది ఏమిటో ఒకరోజు జాలి కడుగుతుంటే తట్టింది. ఇప్పుడు మిక్సీలో రెండు తిప్పులు తిప్పి ఇస్తున్నాను. మీగడ కలిసిపోతుంది, పైన నురగ మిగులుతుంది. ఆ నురగని వాడు చెంచాతో పక్కకి తీసి, మిగతాది తాగుతున్నాడు.